వెనుక సింహం

నోటు మీద మనకు ముఖం చూపని ఆ నాలుగో సింహం ఎటు చూస్తోంది?

వరహాలమ్మ ఈ మాట అడగని మనిషి గంజాం రేవులో లేడు. జవాబు చెప్పిన మనిషీ లేడు.

కొత్త పడవ నీటిలో దిగేనాడు దాని ముక్కుకు పసుపు పూసి, పది రూపాయల నోటు అంటించడం ఆమె ఇంటి ఆచారం. సింహాల బొమ్మ సముద్రంకేసి ఉండాలి. రాజముద్ర చూస్తూ ఉంటే కెరటం జంకుతుందని నమ్మకం. ఉప్పునీటికి బొమ్మ చెరిగిపోతుందన్న బెంగతో వరహాలమ్మ దానిని చెక్కవైపు తిప్పి అంటించింది. భర్త పైడయ్య నవ్వాడు.

"ఓసి పిచ్చిదానా, సింహాల కళ్లు మూసీసినావేటే! ఇంక నాకు కాపలా నువ్వే."

పడవ నీటిలో దిగిన పదకొండో రోజున, వేటకు వెళ్లిన పైడయ్య లేకుండా, హుమ్మ ఊరి దగ్గర అది ఒక్కటే ఒడ్డుకు కొట్టుకొచ్చింది. నోటును ఊడదీస్తే కాగితం చేతికి వచ్చింది. సింహాలున్న పైపొర మాత్రం చెక్కనే పట్టుకుని ఉండిపోయింది, వీపు ఇటు తిప్పి. ఆ చెక్కముక్కను కోసి ఇంటికి తెచ్చిన నాటినుంచి, మిట్టమధ్యాహ్నం కూడా, ఆమె మెడమీద ఎవరి చూపో ఆనేది.

పైడయ్య పోయాడని కాగితం మీద పడనిదే ఆమె భార్యా కాదు, విధవా కాదు. రిటైరైన టీచరు సాయిపద్మ దరఖాస్తు రాసి, మరణాలు నమోదు చేసే ఆఫీసుకు తోడు వెళ్లింది.

"మావుసీ, శవం లేకండా సచ్చిపోనాడని ఎలాగ రాస్తాం?" అన్నాడు గుమాస్తా, ఒడియావాళ్లు పిన్నిని పిలిచినట్టు పిలుస్తూ. "ఏడేళ్లు ఆగు. లేదంటే సాచ్చ్యం తే."

సాయిపద్మ అతని బల్లమీది ముద్రను వేలితో చూపింది. "ఈ సింహాల రాజు పురుషోత్తంపూర్ దగ్గర జౌగడ బండమీద, మనుషులంతా నా బిడ్డలే అని చెక్కించాడు. కళింగంలో తాను చంపించిన లక్షమంది మాట మాత్రం దూరదేశపు బండలమీద చెక్కించి, ఇక్కడ వదిలేశాడు. చచ్చినవాళ్ల ఊళ్లో చావును రాయకపోవడం మీరు కొత్తగా నేర్చినది కాదు, బాబూ."

వరహాలమ్మ సంచిలోంచి చెక్క తీసి బల్లమీద పెట్టింది.

"సాచ్చ్యం ఉంది. మూడు మొకాలు నేనే సెక్కకి తిప్పీసినాను. ఎనకనున్నది సముద్రంకేసి తిరిగింది. నా మొగుణ్ని ఆకర్ని సూసింది అదే. అడుగు."

గుమాస్తా నవ్వబోయి ఆగాడు. చెక్కను బోర్లించాడు. "తీసీ మావుసీ," అన్నాడు, తన ముద్రవైపు చూడకుండా.

దరఖాస్తు ఇంకా ఆ బల్లమీదే ఉంది. మీ దగ్గరున్న నోటు తీయండి. సింహాల వెనుక ఎవరూ లేరని ఆ వరహాలమ్మ ఎదుట నిలబడి చెప్పండి. చెప్పలేకపోతే, పైడయ్య చనిపోయాడని రాయండి.