ఏ విశ్రాంతి

దుప్పటి రెండు కొసలు పట్టుకొని ఆమె వెనక్కి నడిచింది. మిగిలిన రెండు కొసలు ఎదురుగా జతమనిషి చేతుల్లో ఉన్నాయి. ఇద్దరూ ఒక్కసారి విదిలించారు. ఇస్త్రీ రోలరు మిషనులోంచి అప్పుడే వచ్చిన బట్ట వేడి ముఖానికి కొట్టింది. ఒకరివైపు ఒకరు నడిచి కొసలు కలిపేలోగా ఆమె పెదవులు కదిలాయి.

"ఇది ఎవరికోసం?" అంది జతమనిషి.

"మందుల గది గుమాస్తా కోసం. వాళ్ళమ్మాయికి నెలలు నిండాయట."

"నిన్న కూడా ఆయనకే చేశావుగా!"

"ఇంకా కాన్పు కాలేదుగా."

ఆ ఆసుపత్రి లాండ్రీలో అందరూ ఆమెను ప్రార్థనమ్మ అంటారు. "ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి" అనడం వాళ్ళ చర్చి సంఘంలో మామూలే. చెప్పుల్లో కాళ్ళు పెడుతూ ఒకరంటారు, "తప్పకుండా" అని మరొకరంటారు, గుమ్మం దాటాక ఇద్దరూ మరిచిపోతారు. దానికి ఎవరూ ఏమీ అనుకోరు. ఈ పిచ్చితల్లి ఒక్కతే ఆ మాట నిజమనుకుంది. అడిగినవాళ్ళందరినీ గుర్తుపెట్టుకొని దుప్పటికొకరి చొప్పున దేవుడి ముందు పెడుతుంది. ఆ సంగతి తెలిశాక వార్డుబాయి దగ్గర్నుంచి పెద్ద నర్సు దాకా దారికాచి మరీ అడగడం మొదలుపెట్టారు. కాదనడం ఆమెకు చేతకాదు. దుప్పట్లూ తరగవు, అడిగేవాళ్ళూ తరగరు.

ఆమె సన్నటి మనిషి. ఆవిరికి నాని చేతివేళ్ళ చివర్లు ఎప్పుడూ ముడతలు పడి ఉంటాయి. నిలబడి నిలబడి చీలమండలు వాచి, సాయంత్రానికి చెప్పులు బిగుసుకుపోతాయి. నడుం వంగితే లేవదు, లేస్తే వంగదు. ఆ రోజు వీటన్నిటికీ తోడు నోరు కూడా మొరాయించింది. గుమాస్తా తర్వాత అందుకున్న దుప్పటికి పెదవులు కదల్లేదు.

అది ఆడపడుచు కోసం పట్టుకున్న దుప్పటి.

భర్త తనదారిన తాను పోతూ తన అక్కను ఈమెకు అప్పజెప్పి పోయాడు. ఆవిడ నాలుక సంగతి చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఈమె పెట్టిన కూరకూ, కట్టిన చీరకూ, నడిచిన నడకకూ వంకలు పెట్టింది. వాటిని ఈమె ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసింది. ఒక్కటి మాత్రం వదల్లేకపోయింది. పిల్లలు లేరని కుమిలిపోతున్న రోజుల్లో, ఆరాధన అయ్యాక ఆడవాళ్ళంతా నిలబడి ఉండగా, ఆవిడ నవ్వుతూ "ఈ చెట్టు కాయదులెండి" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు.

ఇప్పుడావిడ మంచం దిగలేదు. ఊపిరితిత్తుల్లో నీరు. ఇక ఇంట్లోనే ఉంచి చూసుకోండని డాక్టరు అన్నాడంటే దాని అర్థం ఆసుపత్రిలో పనిచేసే మనిషికి ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. స్నానం, తిండి, మందు, దేనిలోనూ ఈమె లోటు చేయలేదు. ఆవిడ కోసం ప్రార్థన మాత్రం ఒక్కనాడూ చేయలేదు. బాగుచేయమని అడిగితే అబద్ధం, తీసుకుపొమ్మని అడిగితే పాపం. రెండింటికీ మధ్య మాట దొరకలేదు.

పొద్దున మూతి తుడుస్తుంటే ఆవిడే అడిగింది. "ఊరందరికీ చేస్తావట. నాకెందుకు చెయ్యవే? పోయాక చేద్దామనా?"

ఆమె తడిగుడ్డ పిండి పక్కన పెట్టింది. "చేస్తాలే వదినా" అని బయటపడింది. అన్నాక చేయాలి. ఇచ్చిన మాట చెల్లేలోపే ఆవిడ పోతుందేమోనని ఇప్పుడు కొత్త భయం.

మడత వంకర పోయింది. జతమనిషి విసుక్కుంటూ దుప్పటి మళ్ళీ విప్పింది. "మనసులో లేకపోయినా ఏదో ఒకటి అనేసెయ్. పైవాడు సర్దుకుంటాడు."

"ఆయన సర్దుకుంటాడు. నేనే సర్దుకోలేను."

షిఫ్టు అయ్యేదాకా అదే తంతు. బస్సులో కూర్చోవడానికి చోటు దొరకలేదు. కడ్డీ పట్టుకొని నిలబడి, దారి పొడవునా కళ్ళు మూసుకొని ప్రయత్నించింది. ఏ మాట ఎత్తుకున్నా చెట్టు మాటే అడ్డం వచ్చింది.

ఇల్లు చేరేసరికి వెలుగింకా ఉంది. కాపలా కూర్చున్న పక్కింటావిడ "ఈ రోజు మాటలు తగ్గాయి" అని చెప్పి వెళ్ళింది. ఆమె నీళ్ళు కాచి ఆడపడుచు ఒళ్ళు తుడిచి, మిగిలిన వేడినీళ్ళు రబ్బరు సంచిలో పోసి పాదాల దగ్గర పెట్టింది. ఒకప్పుడు వీధి దద్దరిల్లేలా అరిచిన మనిషి, పక్కకు తిప్పితే చేతిలో బరువే తెలియడం లేదు. మెడ గుంటల్లో ఊపిరి కొట్టుకుంటోంది.

"నా సంగతి ఏమైంది?"

"మాట రావట్లేదు వదినా."

"ఎందుకు రావట్లేదో నాకు తెలుసులే." కాసేపు ఆయాసపడింది. "నేనన్నవన్నీ నాకు గుర్తున్నాయే."

"నాకూ గుర్తున్నాయి."

మోకాళ్ళు వంగక ఆమె మంచం పట్టె మీదే కూర్చొని ఆవిడ చెయ్యి పట్టుకుంది. "ప్రభువా, మేమిద్దరం బాగా అలసిపోయాం. ఈమెకు విశ్రాంతి ఇయ్యి. మిగిలితే నాక్కూడా కాస్త ఇయ్యి."

ఆడపడుచు ఒక కన్ను తెరిచింది. "ఏ విశ్రాంతి? ఇదా, అదా?"

వాళ్ళ సంఘంలో ఎవరైనా పోతే చనిపోయారనరు, విశ్రాంతిలోకి వెళ్ళారంటారు. ఆమె ఆ మాట తలుచుకొని అనలేదు. తలుచుకోలేదని గట్టిగా చెప్పలేకపోయింది కూడా.

"తెలీదు వదినా. ఆయనకే వదిలేశా."

ఆవిడ బొమికల ఛాతీ ఎగిరెగిరి పడింది. ఈమె దగ్గనుకుంది గానీ అది నవ్వు. "బతికించావు. అబద్ధం చెప్తావేమోనని చూశా" అని, ఊపిరి కూడదీసుకొని "ఆమేన్" అంది.

ఆమె లేచి వంటగదిలోకి వెళ్ళింది. పాలు వెచ్చబెట్టి, చల్లార్చి తెచ్చేసరికి మెడ గుంటల్లో కదలిక లేదు.

"వదినా" అని పిలిచింది. ఇంకోసారి పిలిచింది. ముందు ఒళ్ళంతా తేలికైంది, అందుకు సిగ్గేసింది. ఆ తర్వాత ఏడుపొచ్చింది. తన వంటకు వంక పెట్టే మనిషి ఇక ఈ ఇంట్లో లేదు. పక్కింటావిడ ఏడుపు విని పరుగెత్తుకొచ్చి, "పోనీలే, విశ్రాంతి దొరికింది" అంది. ఆమె ఉలిక్కిపడి మంచం వైపు చూసింది. అడిగింది తానే.

కాళ్ళు చల్లబడక ముందే సరిచేయాలని దుప్పటి తొలగించింది. అప్పటికే చల్లబడ్డాయి. పాదాల దగ్గర తాను పెట్టిన వేడినీళ్ళ సంచి మాత్రం ఇంకా వెచ్చగానే ఉంది.