లెచ్చుమనన్ నాటిన పొద

1957 ఆగస్టు 30, శుక్రవారం, సాయంత్రం నాలుగు గంటలకు లెచ్చుమనన్ నాటిన పొద గడప ఎక్కింది.

అప్పటికి గుణవతి రబ్బరు తోట నుంచి వచ్చి, స్నానం చేసి, దేవుడి దీపానికి ఒత్తి చేసుకుంటోంది. మలయాలో సుంగై సిపుట్ దగ్గర ఆ తోటలో కూలీల ఇళ్ళ చుట్టూ సర్కారువాళ్ళు ముళ్ళకంచె వేసిన ఏడాది, కంచె లోపల మోకాలెత్తు దాటిన మొక్క ఉండకూడదన్నారు. చాటున మనిషి దాక్కుంటాడని వాళ్ళ భయం. మునగ పోయింది, అరటి పోయింది. వాకిలి బోసిపోయిందని గుణవతి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, దొర బంగళాలో తోటపని చేసే పెనిమిటి లెచ్చుమనన్ అక్కణ్ణుంచి ఊదాపూల కొమ్మ తెచ్చి నాటాడు. నేలబారుగా పరుచుకునే రకం. కొమ్మను వంచి, కణుపు మీద మట్టి కప్పి, రాయి పెడితే అక్కడే వేరు దిగుతుంది.

ఆ పొద అతనున్న వైపే పాకేది. అడవిలో దాక్కున్న కమ్యూనిస్టులకు బియ్యం అందించాడన్న అనుమానంతో పోలీసులు అతణ్ణి లారీ ఎక్కించుకుపోతే, ఈపో జైలు వైపు పాకింది. రెండేళ్ళకు పడమటికి, సముద్రం వైపు తిరిగింది. ఓడలో ఇండియాకు పంపేశారని ఉత్తరం వచ్చేసరికి అది అందరికీ తెలిసిన సంగతే. ఆడవాళ్ళు దాన్ని తప్పించి వాకిళ్ళు ఊడ్చుకునేవారు.

ఉగాది నుంచి ఉత్తరాలు లేవు. ఇక తానే వెళ్ళి వెతుక్కుంటానని గుణవతి పినాంగులో ఓడ టిక్కెట్టు తీసుకుంది. వచ్చే గురువారం ప్రయాణం. కాళ్ళు పడిపోయిన అత్తను, ముసలి పాపాయిని, చూసుకుంటామని పొరుగింటి సుప్పయ్య, అతని పెళ్ళాం మాటిచ్చారు.

సోమవారం నాడు పొద వెనక్కి తిరిగింది. రోజుకు మూరెడు చొప్పున ఇంటివైపు.

"ఒత్తన్నాడు లా, ఇంకేటి," అన్నాడు సుప్పయ్య, మలయా వాళ్ళలా మాటకు 'లా' తగిలించి. "నువ్వు ఓడెక్కినావనుకో సెల్లెమ్మా, ఆడొచ్చి నీకోసం మళ్ళీ ఓడెక్కాల."

గుణవతి నవ్వింది. మొగుడి చొక్కా ఉతికి ఎండేసింది. బియ్యం నానబోసింది.

గడప ఎక్కిన పొద నట్టింట్లో మనిషి పొడవున పరుచుకుని ఆగిపోయింది. వాకిలివైపు రెండు కొమ్మల కొసలు ఒకదానికొకటి ముడిపడ్డాయి, పోయినవాళ్ళకు కాలి బొటనవేళ్ళు కలిపి కట్టినట్టు.

గుణవతి ముడి విప్పింది. మళ్ళీ పడింది. మళ్ళీ విప్పింది. అలా ఎంతసేపు విప్పిందో, వేళ్ళకు ఊదా పసరు అంటుకుంది.

పాపాయి దేక్కుంటూ వచ్చి కోడలి చెయ్యి పట్టుకుంది. "ఒగ్గెయ్యే అమ్మా. ఎన్నిసార్లిప్పుతావు?"

మర్నాడు మెర్దేకా, దేశానికి స్వతంత్రం. మైదానంలో కొత్త జెండా ఎక్కిస్తారని కూలీల లైనంతా కొత్తబట్టలు కట్టుకుని బయల్దేరింది. ఆ ఇంట్లో మాత్రం వంటపొయ్యి వెలిగించలేదు. టిక్కెట్టు వాపసు ఇచ్చెయ్యమని గుణవతి సుప్పయ్య చేతిలో పెట్టి, బిందెడు నీళ్ళతో పొద పక్కన కూర్చుంది. పాపాయి నీళ్ళలో వేళ్ళు ముంచి చూసి, వెచ్చబెట్టమంది.

"ఆడికి సన్నీళ్ళు పడవు."

పెరట్లో మూడు రాళ్ళు పెట్టి నీళ్ళు కాచుకొచ్చి, అత్తాకోడళ్ళిద్దరూ ఆ పొదకు స్నానం చేయించారు.