పట్టికలో లేని గొర్రెపిల్ల

త్రివేణికి తన పట్టిక అంటే మహా మురిపెం. హైదరాబాదులో తులనాత్మక సాహిత్యం మీద పరిశోధన చేస్తోంది మరి. రామన్నపేట చుట్టుపక్కల గొర్రెల కాపరుల ఇళ్లలో ఆడవాళ్లు పాడే కథ ఒకటుంది, తప్పిపోయిన మందను వెతుక్కుంటూ ఏరు దాటిన పడుచు కథ. నాలుగూళ్లలో నలుగురి చేత పాడించి, పట్టికలో ఘట్టం పక్కన ఘట్టం పెట్టి పోల్చింది. ఐదో గొంతు సొంత అవ్వ బక్కమ్మది. ఇంట్లో మనిషే కదా అని చివరికి ఉంచుకుంది.

ఫోను ముందు పెట్టి అవ్వను పాడమంది. ఏరు ఇంకా రాకముందే బక్కమ్మ ఆ పడుచును దారిలో ఆపి, తల్లి చచ్చిన గొర్రెపిల్లకు పాలియ్యమని ఇంకో గొర్రెను బతిమాలించడం మొదలుపెట్టింది. పట్టికలో ఎక్కడా లేని ముక్క. మొదటి పాదం కాగానే త్రివేణి అడ్డుపడింది. పెద్ద చదువు చదివిందిగా, కథలో ఏది ఉండాలో ఆమెకే తెలియాలి. అవ్వ తర్వాతి ఘట్టం అందుకుంది.

ఏడు నెలలకు గైడు విజేందర్ సార్ ఆ పట్టిక చూసి పెదవి విరిచాడు.

"ఐదుగురు ఒక్కతీరుగనే పాడిన్రు. ఇగ పోల్చుడేముందమ్మా? ఒక్కరన్న పాటను తనదిగ చేసుకోలేదా?"

త్రివేణికి అవ్వ చేత ఆపించిన గొర్రెపిల్ల ముక్క గుర్తొచ్చింది. మర్నాడే ఊరికి బస్సెక్కింది.

వాకిట్లో ఎండకు కూర్చున్న బక్కమ్మ అడగగానే పాట ఎత్తుకుంది. గొర్రెపిల్ల ఊసే లేకుండా పడుచును నేరుగా ఏట్లోకి దింపింది.

"అవ్వా, గొర్రెపిల్ల ముక్క ఏది?"

"నువ్వే లేదంటివి గద బిడ్డా. గప్పటిసంది విడిచిపెట్టిన."

"ఒక్కసారి పాడవ్వా."

బక్కమ్మ కళ్లు మూసుకుని పెదాలు కదిపింది. రెండు మాటలు వచ్చాయి, మూడోది రాలేదు.

"యాదికొస్తలేదు. మీ అమ్మ పోయినంక నిన్ను సంకలేసుకొని, పాలకోసం బాలింత పుష్పోళ్లింటికి తిరుగుకుంట ఆ ముక్క కట్టిన. గది కథల లేదని నాకూ ఎర్కనే. నీ పుస్తకం ఖరాబైతదని ఊకున్న."

త్రివేణికి ఏడుపు ముంచుకొచ్చింది. లోకంలోని పాటలన్నీ పోల్చడానికి బయలుదేరి, తన కోసం పుట్టిన ఒక్క పాటను తనే నోరు మూయించింది.

తిరుగు బస్సులో పాత రికార్డింగు పెట్టుకుంది, ఏ కాస్తయినా మిగిలిందేమోనని. అవ్వ గొంతు ఒక్క పాదం పాడింది. ఆ వెంటనే వినబడింది తన గొంతే.

"గది ఎవ్వరు పాడలేదవ్వా, తీసెయ్. ఏటికాన్నుంచి అందుకో."