టెనే స్ట్రాబెర్రీలకు టోయే తాత తిట్లు

వాగాడూగు పట్నంలో చలికాలం పొద్దున్నే ముందు లేచేది దుమ్ము, ఆ తర్వాత టెనే. ఆ ఏడేళ్ల పిల్ల సొరబుర్రతో నీళ్లు ముంచుకుని, అడుగున చిల్లులు పొడిచిన పాత బేసిన్ల దగ్గరికి పరుగెత్తేది. వాటిలో ఆరు స్ట్రాబెర్రీ మొక్కలు. వాళ్లమ్మ అజేతా బట్టలు కుట్టడంలో ఆరితేరిందే గానీ మొక్క మొహం ఎరగదు. మొదట తెచ్చిన మొక్కల్ని పడిపోతాయేమోనని మొవ్వుదాకా మట్టిలో పూడ్చేసింది. వారంలో అన్నీ కుళ్లాయి. రెండోసారి ఆనకట్ట కింది తోటవాళ్లు "మొవ్వుకు గాలి ఆడాలి తల్లీ" అని చెప్పి మరీ పంపారు.

ఈసారి బతికాయి, పూశాయి, కాశాయి. మట్టి తగలకుండా కింద సజ్జ గడ్డి పరిచారు. కాయలు బొటనవేలంత లావెక్కాయి గానీ ఎర్రబడవే! సున్నపు ముద్దల్లా కూర్చున్నాయి. టెనే వాటి ముందు మోకరిల్లి, పెద్దల్ని పలకరించినట్టు పలకరించేది.

"రాత్రి బాగా నిద్రపట్టిందా? ఇంట్లో అందరూ క్షేమమా? మీ ఆకులు క్షేమమా?"

కాయలు మర్యాదగా వినేవి. అంతే.

పక్క గదిలో టోయే తాత ఉండేవాడు, సైకిళ్లు బాగుచేసే సామో మనిషి. ఆ లోగిలిలో మిగతావాళ్లంతా మోస్సీలు. ఈ రెండు తెగలకూ తాతలనాటి వేళాకోళం వరస. ఎదురుపడితే తిట్టుకోవాలి. తిట్టకపోతే ఏదో కోపం వచ్చిందనుకుంటారు. ఆ ఉదయం తాత బేసిన్ మీదికి వంగాడు.

"ఛీ! మోస్సీ మట్టిలో మొలిచాయి కదా, తిండికి ముందు, పనికి వెనక!"

ఒక కాయ ముక్కు ఎర్రబడింది.

"తాతా, ఇంకోటి!" అంది టెనే.

"మీ రాజుగారి గుర్రం కన్నా మా మేక నయం!"

గుత్తంతా ఎర్రబడింది. అజేతా మిషను ఆపి, "ఆ చివరి బేసిన్‌ని కూడా కాస్త తిట్టు మామా, సాయంత్రానికి గిన్నెడు కావాలి" అంది.

అలా నెల గడిచింది. ఇంతలో ఇంటి యజమానురాలు సలమతా ముప్ఫయ్యేళ్ల తర్వాత సముద్రపొడ్డునున్న అబిజాన్ నుంచి తిరిగొచ్చింది. తాత ఎదురెళ్లి, "వచ్చావా నా బానిసా! చీపురు ఆ మూలనుంది" అని ఆప్యాయంగా పలకరించాడు. ఆమెకు వరసలన్నీ మరుపున పడ్డాయి. మొహం గంటుపెట్టుకుని, "శనివారానికి గది ఖాళీ చెయ్యి" అంది.

"అది వరస పెద్దమ్మా!" అని అజేతా మొత్తుకుంది.

"నా ఇంట్లో నన్ను బానిస అనే వరసేమిటి?"

టోయే తాతది ఇరవయ్యేళ్ల గది. "సొంతూరికి పోయి ఏం చెయ్యను? అక్కడందరూ సామోలే. ఎవర్ని తిట్టను?" అన్నాడు అజేతాతో. ఆ తర్వాత ఎవరితోనూ మాట్లాడలేదు.

శనివారం తాత పనిముట్లన్నీ తోపుడుబండి మీద పేర్చాడు. తాళంచెవి కోసం వచ్చిన సలమతా బేసిన్ల దగ్గర ఆగి, ఒక కాయ తెంపింది.

"ఇవింకా పండలేదేమే? రేపు మా చెల్లెలి మనవడికి పేరు పెడుతున్నాం, బుట్టెడు తీసుకెళదామనుకున్నానే!"

"నాలుగు రోజులుగా తాత తిట్టడం లేదు పెద్దమ్మా" అంది టెనే.

"తిట్టడమే కదా, నేను తిట్టలేనా?" అని సలమతా వంగింది. "సోమరి కాయల్లారా! సిగ్గులేదూ?"

కాయలు తెల్లగానే ఉన్నాయి.

"మీరు తిడితే వాటికి ఎక్కదు పెద్దమ్మా, మీరూ మోస్సీలేగా" అంది టెనే, ఓపిగ్గా.

బండికి తాడు బిగిస్తున్న తాత నోరు ఇక ఆగలేదు. "సముద్రం దాకా పోయొచ్చినా తిట్టడం రాలేదు చూడు! నేనే గారం చేసి చెడగొట్టాను నా బానిసని!"

సలమతా అరచేతిలోని కాయ సగం ఎర్రబడింది. ఆమె దాన్ని చూసింది. తాతను చూసింది. పెదవి బిగబట్టింది, నవ్వు ఆగలేదు.

"నోర్ముయ్! కుక్కతల కూర కనపడితే కట్టుకున్నదాన్ని మరిచిపోయే సామోడా!"

లోగిలంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. తాత కళ్లు తుడుచుకుని, తాడు ముడి విప్పడం మొదలుపెట్టాడు.

సలమతా ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. చేతిలోని కాయను తిప్పి చూపిస్తూ, "ఈ పక్క ఇంకా తెల్లగానే ఉంది. ఊఁ, కానివ్వు" అంది.