మంచుకోట రాణి గొంతు

ఆ శనివారం మధ్యాహ్నం ఆటకు టికెట్లు దొరకడమే గొప్ప. నర్సు తన డ్యూటీ మార్చుకుని, పొద్దున్నే ఫోను పట్టుకుని కూర్చుని, ఎలాగో పక్కపక్కన మూడు సీట్లు సంపాదించింది.

"రాణిగారూ, ఈసారి కుంటిసాకులు చెప్పావంటే ఊరుకోను" అంది పై అంతస్తులో ఉండే చిన్ననాటి స్నేహితురాలితో.

రాణిగారు అన్నది అసలు పేరు కాదు. ఆమె డబ్బింగ్ చెబుతుంది. కొన్నేళ్ళ కిందట వచ్చిన మొదటి భాగంలో మంచుకోట రాణికి గొంతిచ్చింది. తెరమీద నటించినావిడకు మన భాష ముక్క రాదు. పిల్లలు ఆటల్లో అనుకరించింది, పెద్దలు ఫోన్లలో పెట్టుకుని విన్నది ఈమె గొంతునే. అప్పటి నుంచి స్నేహితులకు ఆమె రాణిగారే.

ఆ సినిమా చివర రాణి శిలగా మారిపోయింది. రెండో భాగం మాట వచ్చినప్పుడు ఆమె స్టూడియో మేనేజరును అడగకపోలేదు. "రాయైపోయింది కదమ్మా! రాళ్ళెక్కడైనా మాట్లాడతాయా?" అని నవ్వాడు. ఆమె నమ్మింది. అందుకే ఈ సినిమాకు మామూలు ప్రేక్షకురాలిలా, నిశ్చింతగా బయలుదేరింది.

మూడో టికెట్టు పిచ్చుకది. సన్నటి గొంతు కాబట్టి ఆ పేరు. స్టూడియోలో చంటిపిల్లల ఏడుపులు ఏడ్చే ఆ అమ్మాయిని చేరదీసి, పొట్టలోంచి ఊపిరి తీయడం, మాట మధ్యలో ఆ ఊపిరి వినపడకుండా దాచడం రాణిగారే నేర్పింది. పిచ్చుక ఆ వేళ జ్వరమంది. నర్సు నుదుటిమీద చెయ్యి వేసి చూసింది.

"ఇదా జ్వరం? ఇంతకంటే నా టీ కప్పు నయం. పద పద!"

హాలు దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, తోసుకుంటూ లోపలికి వెళ్ళారు. రాణిగారు మధ్యన కూర్చుంది.

విశ్రాంతికి కాస్త ముందు, కథానాయకుడు గుహలోని శిలమీద తన నెత్తురు చిలకరించాడు. శిల పగిలింది. రాణి కళ్ళు తెరిచింది.

"నన్ను నిద్రలేపినవాణ్ణి నేను క్షమించను!"

హాలంతా ఈలలు. నర్సు ఆమె మణికట్టు పట్టుకుని ఊపేసింది. "దొంగమొహమా! మాటమాత్రమైనా చెప్పలేదే! ఈసారి ఇంకా అదరగొట్టేశావే!"

రాణిగారు ముందుకు వంగి చెవులు రిక్కించింది. మాటను సాగదీసే తీరు తనదే. విరిచే చోటు తనదే. పాత రికార్డింగు ఏదైనా వాడుకున్నారేమో అనుకుంది. ఇంతలో రాణి మరో మాట అంది, ఆ కోపం చివర గొంతు వెంట్రుకవాసి సన్నబడింది. ఆ సన్నదనం ఎవరిదో ఆమెకు తెలుసు. దాన్ని దాచుకోవడం నేర్పింది తనే.

పక్కకు తిరిగింది. పిచ్చుక తెరవైపు చూడటం లేదు. ఒళ్ళో ఉన్న సంచి జిప్పును లాగుతోంది, మూస్తోంది.

విశ్రాంతిలో నర్సు తినడానికేమైనా తెస్తానని ఆ గుంపులో దూరింది. వీళ్ళిద్దరూ మెట్ల దగ్గర గోడకు ఆనుకుని నిలబడ్డారు.

"ఎప్పుడు చెప్పావు?"

"ఎండాకాలంలో... అక్కా, నేనుగా అడగలేదు. వాళ్ళే పిలిచారు. మీ అక్కలాగా చెప్పగలవా అన్నారు."

"నన్నే పిలవచ్చుగా?"

"తెరమీద మన పేర్లు వెయ్యాలని నువ్వు గొడవ చేశావుగా. నీతో తలనొప్పి అన్నారు. నేను కాకపోతే ఇంకెవరో చెప్పేవాళ్ళక్కా."

రాణిగారికి ఒక సాయంత్రం గుర్తొచ్చింది. పిచ్చుక తన వంటగదిలో స్టూలు మీద కూర్చుని, ఒక్కసారి రాణి మాటలన్నీ చెప్పవా, సరదాగా ఉంటుంది అని బతిమాలింది. ఫోను బల్లమీద పెట్టుకుంది. తను గరిటె తిప్పుతూ, నవ్వుతూ అన్నీ చెప్పింది.

"ఆ రోజు రికార్డు చేసుకున్నావు కదూ?"

పిచ్చుక తల దించుకుంది.

"బాగానే చెప్పావులే" అంది రాణిగారు. "బాగా చెప్పావనే నా ఏడుపు."

అప్పుడే నర్సు చేతుల నిండా కాగితం గ్లాసులతో వచ్చింది. వెనకాల ఇద్దరు కాలేజీ అమ్మాయిలు. వరసలో నిలబడ్డంతసేపూ చాటింపు వేసినట్టుంది.

"మీరేనా అండీ ఆ గొంతు? ప్లీజండీ, ఆ డైలాగు ఒక్కసారి అనరూ!"

రాణిగారు పిచ్చుక వైపు చూసింది. నోరు విప్పుతుందేమోనని కాసేపు ఆగింది కూడా. పిచ్చుక గ్లాసులోని గొట్టాన్ని పంటితో నొక్కిపట్టి అలాగే పీలుస్తోంది.

"గొంతు బాగాలేదమ్మా" అంది రాణిగారు.

సినిమా అయిపోయింది. జనం లేచారు. పిచ్చుక సంచి భుజాన వేసుకుంది. "పోదామక్కా, తర్వాత బండి దొరకదు."

"కూర్చోవే!" అని నర్సు చెయ్యి పట్టి లాగింది. "ఈసారి డబ్బింగ్ వాళ్ళ పేర్లు కూడా వేస్తున్నారట. దీని పేరు చూడకుండా కదిలేది లేదు."

పేర్లు పైకి పాకాయి. "మంచుకోట రాణి" అని నర్సు గట్టిగా చదివింది. ఎదురుగా పిచ్చుక అసలు పేరు, ఇంటిపేరుతో సహా. నర్సు సగంలో ఆగిపోయింది.

"ఇదేంటే? పొరపాటున పడిందా?"

"పొరపాటేం కాదు" అంది రాణిగారు. "పేర్లు వెయ్యాలని కొట్లాడింది నేనే. వేశారు."

నర్సుకు అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. పిచ్చుక మీదికి తిరిగింది. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదేనే! పక్కనే కూర్చుని, ఇంతసేపు..."

"చెప్పడానికి ధైర్యం చాల్లేదక్కా" అని పిచ్చుక ఏడ్చింది. సన్నటి, అసలు గొంతు.

"రాణిలా గర్జించడానికి చాలిందిగా" అంది రాణిగారు.

చీపుళ్ళతో వచ్చినవాళ్ళు లేవమన్నారు. పిచ్చుక ముందుగా, ఒంటరిగా గుంపులో కలిసిపోయింది. వీళ్ళిద్దరూ వారాంతపు రద్దీలో బండి దొరక్క సగం దారి నడిచారు. నర్సు దారిపొడుగునా తిడుతూనే ఉంది.

కొన్నాళ్ళకు మేనేజరు ఫోను చేశాడు. ఒక సీరియల్లో ముసలి దాది వేషానికి గొంతు కావాలట. "ఆ అమ్మాయే మీ పేరు చెప్పిందమ్మా. దానిది పెద్ద మనసు" అన్నాడు. నర్సుకు తెలిస్తే చీవాట్లు పెడుతుందని రాణిగారికి తెలుసు. చాలాకాలంగా వేరే పిలుపు లేదనీ తెలుసు. ఎన్ని గంటలకు రావాలో మాత్రం అడిగింది.

స్టూడియో వరండాలో ఒకే కుర్చీ ఉంది. అందులో కూర్చున్న పిచ్చుక ఆమెను చూసి చప్పున లేచింది.

"కూర్చోండి" అంది. ఇన్నేళ్ళలో ఎన్నడూ ఆమెను 'మీరు' అనలేదు.

రాణిగారు కూర్చుని, కాగితాలు అందుకుని, దాది మాటలు చదువుకోవడం మొదలుపెట్టింది.