పుల్లావు నెక్కిన చౌడమ్మ

వసంతము వెనుదీసి గ్రీష్మము పాదము మోపుచున్న యా దినమున, ప్రచండ మార్తాండ కిరణసంతప్తములై నల్లఱాళ్లు పెనములవలె కాగుచుండ, కానుగుచెట్ల లేజివుళ్లు సయితము తలలు వాల్చియుండ, ఎండమావులు పాఱుచున్న యేళ్లవలె కన్నులను వంచించుచుండ, సారెపల్లెనుండి రాళ్లకుంట్లకు బోవు గొడుగుకనుమ బాటయందు మేఘగర్జనమును బోలు మ్రోతతో ధూళిధూసరితగాత్రమైన యొక పాతకారు పైకెక్కుచుండెను. దాని తొలిరంగేదో కొన్నవానికే జ్ఞాపకము లేదు. ఉన్న రంగు పసుపునకును పసుపు తుప్పునకును దిగి తుదకు పుల్లయావు మైచాయ వచ్చుటచేత ఊరివారు దానిని పుల్లావని పిలుచుచుండిరి. ఎడమతలుపు గడియ తీసినంతమాత్రమున తెఱచుకొనదు, మోకాట నొక్కపోటు పొడువవలయును. చక్రమును కుడికి ద్రిప్పినంతనే హారను తనంతట దానే కూయును. యజమానుడైన మద్దిలేటి కివి లోపములుగా గాక యింటిమనిషి యలవాట్లుగా దోచును.

ఆ దినమున పుల్లావున కబ్బిన గౌరవ మింతంత కాదు. ఏటేట జాతరకు ముందు సారెపల్లె కుమ్మరులు పచ్చిమట్టితో మలచిన చౌడమ్మ శిరస్సును, వంతు వచ్చిన యింటివాడు ఇరుచేతులతో బట్టి నోట వేపరెమ్మ గఱచి పలుకక నేల దింపక ప్రొద్దు గ్రుంకకమున్నే రాళ్లకుంట్ల గద్దె కెక్కింపవలయును. ప్రొద్దు గ్రుంకెనేని మట్టి యేటిలో గలియును, జాతర నిలుచును, ఆ యింటి కా వంతు మఱి రాదు. ఎప్పుడో తాతనాడు వచ్చిన వంతు మరల మద్దిలేటికి వచ్చినది. ఎడ్లబండి గట్టుమని ఊరెల్ల మొత్తుకొన్నను వాడు వినక అమ్మ నా పుల్లావుమీదనే వచ్చునని పంతము పట్టెను. పట్టెనుగాని, మౌనవ్రతుడై శిరస్సు నొడిలో బెట్టుకొని వెనుకసీటున గూర్చున్నవాడు కారు నడుపుట యెట్లు? ట్రాక్టరు నడుపు బావమఱది ఓబుళేసు చక్రము పట్టెను. భార్య లింగమ్మ మగని ప్రక్కన గూర్చుండి, మట్టి నెఱ్ఱెలు విచ్చకుండ శిరస్సుమీద గప్పిన తడి పసుపుగుడ్డను సవరించుచుండెను.

కనుమ సగమెక్కునప్పటికి పుల్లావు దగ్గెను, కుదిపెను, కడపటి గుక్క మ్రింగి ఊరకుండెను. ఓబుళేసు దుమికి బానెట్టెత్తి చూచెను.

"అబ్బా, పొయ్యి మాదిరి కాలుతాంది! నీళ్లడుగుతాందక్కా ఇది" అనుచు తెచ్చిన బిందెడు నీళ్లును రేడియేటరున గ్రుమ్మరించెను. పుల్లావు నీళ్లన్నియు త్రాగెను గాని యులుకలేదు పలుకలేదు.

ఇంజను వేడికి పంపులోని పెట్రోలు ఆవిరియై దారి బంధించినదని ఆ దగ్గు వినినంతనే మద్దిలేటి యెఱుగును. దాని కొక తడిగుడ్డ చుట్టిన జాలును. ఆ ముక్క నాలుక చివర నున్నది, నాలుకమీద వేపరెమ్మ యున్నది. వాడు కనుబొమ లెగురవైచెను, బుగ్గలు పూరించెను, ముక్కుతో నింజనువైపు పొడిచి చూపెను.

"బావ ఏమంటాండాడక్కా? తొయ్యమంటాడా?"

"ఈ మిట్టకు ఎవురు తోస్తార్రా, నీ మొగం! నీళ్లన్నీ పోసినావని తిడతాండాడు."

"నోరు తెరవకనే ఇన్ని తిట్లు తిడ్తాడే, తెరిస్తే ఎట్ల యేగుతాండావో తల్లీ!"

లింగమ్మ నవ్వలేదు. సూర్యబింబము కొండకొమ్ముల దెసకు జారుచుండెను. ఆమె మగని చూపు పోయినచోటికెల్ల తన చూపును బంపెను. అది యింజనుమీద వ్రాలి, ఒడిలోని పసుపుగుడ్డమీదికి వచ్చి, బెదరి, మరల నింజనుమీదికే పోవుచుండెను. పెండ్లియైన నాటినుండి ఈ కారున ప్రక్కసీటామెది. మండువేసవిని ఇట్లాగినపుడెల్ల మగడు తలగుడ్డ తడిపి ఇంజను ప్రక్కనున్న యొక చిన్నగిన్నెవంటి పంపునకు జుట్టి, జ్వరపీడితమైన బిడ్డను బుజ్జగించునట్లు దానితో మాటాడుట గన్నులార జూచినదే. ఆమెకు విషయము బోధపడెను. బిందెలో చుక్క లేదు. ఆ కనుమలో తడి యన్నది అమ్మవారి గుడ్డయందే కలదు.

"దేవత గుడ్డ ఇంజనుకా? కండ్లు పోతాయక్కా!" అని, అక్క సంగతి చెప్పగానే ఓబుళేసు వెనుకంజవైచెను.

లింగమ్మ చౌడమ్మ మోమును సూటిగా జూచి, "తల్లీ, నీకు ఊరు చేరేది కావల్లనా, గుడ్డ కావల్లనా? కోపమొస్తే నా మీద పడనీ" అని గుడ్డ లాగి తమ్ముని చేత బెట్టెను. "ఆ పక్కన గిన్నె మాదిరి ఉండాదే, దానికి సుట్టు. దాని కిందుండే మీట ఎత్తి దించు. ఊఁ, కానీ!"

ఆమె తన చీరకొంగును శిరస్సునకు గొడుగు పట్టెను. అక్కడ గుడ్డ చుయ్యిమనెను. మద్దిలేటి తల ఔనౌనని, మెడ తెగిపడునేమో యనునట్లూగెను. ఓబుళేసు కొంతతడవు మీట నాడించి, ఇంజనుకు గాలి బిగించు చోకు లాగి, ముందుభాగమున హ్యాండిలు దూర్చి బలముకొలది త్రిప్పెను. ఒకమాఱు మూలిగినది. మఱియొకమాఱు తుమ్మినది. అటుపిమ్మట కొండలు మాఱుమ్రోగ పుల్లావు రంకె వైచెను!

"లేసెరా నా తల్లి!" అని లింగమ్మ కేకవైచెను. చౌడమ్మ ననెనో కారు ననెనో యడుగుటకు తీరిక యెవరికి? కనుమ దాటి, దిగుడుబాట బట్టి, కుడిమలుపు వచ్చినపుడెల్ల హారను తనంతట దానే కూయగా మేకలమందలు చెల్లాచెదరై దారి యీయ, ఓబుళేసు "జరగండ్రా, అమ్మొస్తాంది" యని యఱచుచుండ, లింగమ్మ సూర్యునే చూచుచుండ, మద్దిలేటి శిరస్సునే చూచుచుండ, నల్లని పొగ గ్రక్కుచు పుల్లావు రాళ్లకుంట్ల జనసమూహము నడుమకు జొచ్చెను.

సూర్యుడు కొండ నంటిన రక్తబింబమై యుండగా మద్దిలేటి గద్దెమీద శిరస్సు నుంచెను. ఒక్క నెఱ్ఱెయైన లేదు. బింబము మునిగెను. డప్పులు నిలిచెను; ఆర్పక విడిచిన పుల్లావు దగ్గు మాత్రము వినబడుచుండెను. వంతువాడు వేపరెమ్మ దీసి పలుకు తొలిపలుకు అమ్మ పలుకేయని యూరి నమ్మకము. పిల్లాపెద్దలు చేతులు జోడించి చెవులు రిక్కించిరి. మద్దిలేటి రెమ్మ నూడదీసెను.

"ఓరి ఓబుళేసూ! చోకు లోపలికి తొయ్యరా సచ్చినోడా! గొంతు పిసికి సంపుతాండావు దాన్ని!"

అప్పు డొక పండుముసలి ముందునకు వచ్చి మిక్కిలి గంభీరముగా, "అమ్మ సెప్పింది గదా, ఇంకా సూస్తావేం నాయనా, తొయ్యి" యనెను. ఓబుళేసు పరుగెత్తి తోసెను. నల్లపొగ విచ్చెను. ఉక్కిరిబిక్కిరియైన యింజను కుదుటబడి, తడబాటు లేని యొక్కటే లయగా మ్రోగదొడగెను. డప్పులవాండ్రు క్షణము చెవియొగ్గి, ఒకరి మొగము నొకరు జూచుకొని, ఆ లయమీదనే తొలిదరువు నందుకొనిరి.