అజ్మతుల్లా కారులో రొద

ఓబులేష్ కారు ముందు తలుపుకు చెంప ఆనించి పాట వింటున్నాడు. స్పీకరు జాలీ మీది దుమ్ము అతని గడ్డానికి అంటుకుంది. పాడే ఆమె గొంతు పైకి లేచినప్పుడల్లా అంచు చిరిగినట్టు గరగరమంటోంది. లేచి వెనక్కి వెళ్ళాడు. డిక్కీలో బిగించిన యాంప్లిఫయరు ముందు వంగి, చిన్న స్క్రూడ్రైవరుతో, చప్పుడు జోరును అదుపుచేసే గెయిన్ మరను వెంట్రుకవాసి తగ్గించాడు. మళ్ళీ ముందుకు వచ్చి చెంప ఆనించాడు. రాయదుర్గంలో బళ్ళారి రోడ్డు పక్కనున్న ఈ షాపులో అతని రోజులన్నీ ఇలా కారు ముందుకూ వెనక్కూ తిరగడంలోనే గడిచాయి. ఆ తిరుగుడులోనే జుట్టు సగం నెరిసింది.

"ఏమన్నా, నా కారుకు ముద్దు పెడతాండావా?" రేకుల నీడన టీ ఊదుకుంటూ అన్నాడు అజ్మతుల్లా. "పెండ్లోళ్ళు ఆడ కాసుకోని ఉండారు."

"ఉండప్పా. పాట వినపడితే చాలదు. పాడేది మనిషని తెలియల్ల."

అజ్మతుల్లా నవ్వి, ఆ వెంటనే గొంతు తగ్గించాడు. "అక్కకెట్లుండాది?"

"అట్లనే ఉండాది."

అక్క చౌడమ్మ అనంతపురంలో ఆస్పత్రి మంచం మీద ఉంది. తల్లి పోయినప్పుడు ఓబులేష్‌కు ఇంకా సరిగ్గా నడక రాలేదు. చంకనేసుకుని పెంచింది ఆమే. తర్వాత జీన్స్ కుట్టే షెడ్డులో మిషను ముందు కూర్చుని ముసలిదైంది. మొదట దగ్గు వచ్చింది, ఆ పైన ఆయాసం. రాత్రంతా అతను ఆమె మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. తెల్లవారాక, ఆడవాళ్ళ వార్డులో మగవాళ్ళు ఉండకూడదని వాచ్‌మన్ బయటికి పంపాడు. చౌడమ్మ కూతురు హేమలత మాత్రం లోపల ఉండిపోయింది.

అతను బయటికి రాకముందే, మధ్యాహ్నంలోగా ఊపిరి కోసం గొంతులోకి గొట్టం వేయాలని, వేశాక మాట రాదని, మళ్ళీ ఎప్పుడు తీస్తామో చెప్పలేమని డాక్టరు చెప్పాడు.

"ఈడ గోడలు చూస్తా కూర్చుంటే ఏమొస్తాది, పనికి పో," అంది చౌడమ్మ, మాట మాటకూ ఆగుతూ. "గొట్టం వేసేముందు ఫోను చేయిస్తా. నీకొక మాట చెప్పల్ల."

"ఇప్పుడే చెప్పక్కా."

కాస్త ఊపిరి కూడదీసుకోనీ అన్నట్టు ఆమె చెయ్యి ఊపింది.

అందుకే ఓబులేష్ ఫోనును జేబులో కూడా ఉంచుకోలేదు. వంగితే జారిపోతుందని డిక్కీలో యాంప్లిఫయరు పక్కనే, చేతికి అందేట్టు పెట్టుకున్నాడు. బటన్లున్న పాత ఫోను అది.

పాట ఆపి చెవి పెట్టి చూస్తుండగా స్పీకర్లలో కొత్త చప్పుడు పుట్టింది. టకటక టకటక, ఆ వెంటనే బుర్రుమని రొద. కాసేపుండి ఆగింది.

"ఇదేందన్నా, కప్పలు దూరినాయా?"

"వాన మొగం చూసి ఎన్నాళ్ళాయె, కప్పలు యాడనించి వస్తాయి? ఎర్త్ సరిగ్గా పట్టలేదు."

యాంప్లిఫయరు నుంచి బండి ఇనుముకు బిగించే నల్లతీగ కింద రంగు మిగిలిపోతే ఇట్లాంటి రొద వస్తుంది. ఓబులేష్ డిక్కీలోని మ్యాట్ ఎత్తి పక్కకు మడిచాడు. అది ఫోను మీద పడింది. మోగితే వినపడుతుందిలే అనుకున్నాడు. బోల్టు విప్పి, ఉప్పుకాగితంతో ఇనుము తెల్లగా తేలేదాకా రుద్దాడు. మోచెయ్యి మంట పుట్టింది. మళ్ళీ బిగించి చూస్తే మళ్ళీ అదే చప్పుడు. టకటక టకటక, బుర్రు. ఆగింది. మళ్ళీ వచ్చింది.

"మొండిది," అన్నాడు పళ్ళు బిగబట్టి. తీగ చివర కోసి, కొత్త రాగి తేల్చి, ఇంకో చోట బిగించాడు.

ఈసారి రాలేదు. ఇద్దరూ ఊపిరి బిగబట్టి చాలాసేపు విన్నారు. రొద మళ్ళీ రాలేదు.

పాట పెట్టాడు. గొంతు ఎక్కడా చిరగలేదు. చరణానికీ చరణానికీ మధ్య ఆమె గాలి పీల్చుకోవడం కూడా తెలిసింది.

"ఎదురుగా కూర్చోని పాడినట్టుండాదన్నా!" అన్నాడు అజ్మతుల్లా.

చాలా రోజులకు ఓబులేష్ ముఖంలో నవ్వు కనబడింది. మ్యాట్ సర్దబోయి ఫోను చేతిలోకి తీసుకున్నాడు. తెర నిండా హేమలత పేరే, ఒకదాని కింద ఒకటి. రాత్రి వార్డులో నర్సు కసిరితే ఫోను మోగకుండా చేశాడు. మళ్ళీ మార్చడం మరిచిపోయాడు.

అప్పుడు గుర్తొచ్చింది. ఇట్లాంటి పాత ఫోనుకు కాల్ వస్తుంటే, పక్కన యాంప్లిఫయరుంటే స్పీకర్లు అట్లాగే అరుస్తాయి. ఒకప్పుడు బండి తెచ్చిన ప్రతివాడికీ, ఫోను దూరంగా పెట్టప్పా అని తనే చెప్పేవాడు. కొత్త ఫోన్లు వచ్చాక ఆ చప్పుడు వినక చాలా కాలమైంది.

హేమలతకు ఫోను చేశాడు.

"యాడ పోయినావు మామా?" హేమలత ఏడుస్తోంది. "అమ్మ ఫోను చెవికాడ్నుంచి దించనే లేదు. గొట్టం వేసేసినారు."

"నీకేమన్నా చెప్పిందా పాపా?"

"అడిగితిని. వానికే చెప్తా అనె."

ఓబులేష్ డిక్కీ అంచున కూలబడ్డాడు. స్పీకర్లలో పాట స్వచ్ఛంగా సాగుతోంది. అజ్మతుల్లా వెళ్ళి ఆపేశాడు. "ఎక్కన్నా, బస్టాండుకాడ దింపుతా," అన్నాడు.

అనంతపురం బస్సు కళ్యాణదుర్గం ఇంకా చేరకముందే ఫోను మోగింది. ఈసారి బస్సంతా తిరిగి చూసేంత గట్టిగా మోగింది. అతను చెవికి ఆనించుకుని, "ఊ," అన్నాడు. కాసేపటికి మళ్ళీ, "ఊ," అన్నాడు. పక్కసీటు ఆమె చంటిబిడ్డను ఒళ్ళోకి లాక్కుని, కిటికీ వైపు జరిగి, అతనికి చోటిచ్చింది.

దినాలన్నీ అయిపోయాక, అక్క అద్దెకున్న గదికి హేమలతతో కలిసి వెళ్ళాడు. హేమలత పెట్టెలో చీరలు సర్దుతుంటే అతను ఏం చేయాలో తెలియక గుమ్మంలో నిలబడ్డాడు. తలుపు వెనక మేకుకు, షెడ్డులో జీన్స్ నూలుదుమ్ముకు అడ్డంగా ముఖానికి కట్టుకునే తెల్లగుడ్డ వేలాడుతోంది. ఉతికి ఆరేసిందే. నోరుండే చోట మాత్రం నీలిరంగు గుండ్రంగా మిగిలిపోయింది.